కాథరీనా రెగీనా ఫాన్ గ్రైఫెన్‌బెర్గ్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎవరీమె? ముందు క్లుప్తంగా చెప్పండి.

దిగువ ఆస్ట్రియాలో ఆమ్‌ష్టెటెన్ అనే ఊరి దగ్గర సైజెనెగ్ కోట ఉంది. 1633 సెప్టెంబర్ 7న ఆ కోటలో పుట్టిన జమీందారీ ఇంటి ఆడపిల్ల. మతం లూథరన్ (మార్టిన్ లూథర్ మొదలుపెట్టిన ప్రొటెస్టెంట్ క్రైస్తవ శాఖ), రాసిన భాష జర్మన్. 250 సానెట్లు (పద్నాలుగు పాదాల పద్యాలు), బోలెడు పాటలు, ఏడు వేల పాదాల దీర్ఘకావ్యం, వేల పేజీల గద్యధ్యానాలు రాసింది. 1694లో, పుట్టిల్లూ మెట్టినిల్లూ అయిన ఆ కోట చేజారిపోయాక, న్యూరెంబర్గ్‌లో కన్నుమూసింది.

పదిహేడో శతాబ్దపు జర్మన్ కవయిత్రుల్లో ఈమెదే మొదటి స్థానమని సాహిత్య చరిత్రలు రాసేవాళ్లలో చాలామంది ఒప్పుకుంటారు. నన్నడిగితే 'కవయిత్రుల్లో' అన్న ఆ హద్దు కూడా అక్కర్లేదు. ఆ కాలపు సానెట్ అనగానే అందరూ ఆండ్రెయాస్ గ్రిఫియుస్ పేరు చెబుతారు. ఆయన పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాల్సిన మనిషి ఈమె.

సన్యాసినా? మఠంలో ఉండేదా?

కాదు. లూథర్ సన్యాస వ్రతాలను తోసిపుచ్చాడు. ఈమె పెళ్లి చేసుకుంది, ఇల్లు నడిపింది, అప్పులవాళ్లతో తగాదాలు పడింది, కోర్టుల చుట్టూ తిరిగింది. 'మతకవయిత్రి' అన్న మాట వినగానే జపమాలతో కిటికీ దగ్గర కూర్చున్న బొమ్మ ఒకటి మనసులోకి వస్తుంది. ఆ బొమ్మతో ఈమెను చదవడం మొదలుపెడితే సగం పోతుంది. ఈమె భక్తి మహా మొండిది. దేవుణ్ణి స్తుతించడం ఈమెకు ఊరట కాదు, ఉద్యోగం. ఆ ఉద్యోగానికి అడ్డొచ్చిన ప్రతిదానితోనూ, ఆఖరికి చక్రవర్తితోనూ, తలపడాలనే చూసింది.

ఆస్ట్రియా కాథలిక్ రాజ్యం కదా. అక్కడ లూథరన్ జమీందార్లు ఎలా ఉన్నారు?

ఉన్నారు, కానీ ఊపిరి బిగబట్టుకుని. పదహారో శతాబ్దంలో ఆస్ట్రియా ప్రభువర్గంలో చాలామంది లూథర్ వైపు వెళ్లారు. 1620లో వైట్ మౌంటెన్ యుద్ధంలో ప్రొటెస్టెంట్ పక్షం ఓడిపోయాక ఆస్ట్రియాను ఏలే హాబ్స్‌బుర్గ్ వంశపు చక్రవర్తులు పట్టు బిగించారు. 1627లో దిగువ ఆస్ట్రియా నుంచి ప్రొటెస్టెంట్ బోధకులనూ ఉపాధ్యాయులనూ వెళ్లగొట్టారు. ముప్పై ఏళ్ల యుద్ధం ముగిశాక, 1648 వెస్ట్‌ఫాలియా ఒప్పందంలో దిగువ ఆస్ట్రియా ప్రభువర్గానికి ఒక చిన్న వెసులుబాటు దొరికింది. తమ విశ్వాసం తాము ఉంచుకోవచ్చు, ఆరాధన మాత్రం సొంత గడ్డ మీద చేయకూడదు. ప్రభుభోజనం (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన) తీసుకోవాలంటే సరిహద్దు దాటి వెళ్లి రావాలి.

గ్రైఫెన్‌బెర్గ్ కుటుంబం అలాగే హంగరీ రాజ్యంలో ఉన్న ప్రెస్‌బుర్గ్‌కు వెళ్లేది. ఇప్పుడది స్లొవాకియా రాజధాని బ్రాటిస్లావా. సైజెనెగ్ నుంచి సుమారు 180 కిలోమీటర్లు. గుర్రపు బండి మీద, డాన్యూబ్ లోయ వెంట, మధ్యలో వియన్నా దాటుకుని, ఒక ఆరాధన కోసం! జర్మనీలో పుట్టిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1842లో గుంటూరు ప్రాంతానికి వచ్చి మొదలుపెట్టిన లూథరన్ సంఘం తెలిసినవాళ్లకు ఆదివారం ఆరాధన వీధి చివరి సంగతి. ఈమెకు అది పొరుగు రాజ్యం సంగతి.

చదువు ఎవరు చెప్పారు?

తండ్రి యోహాన్ గాట్‌ఫ్రీడ్ 1641లో పోయాడు. అప్పటికి ఈమెకు ఏడేళ్లు. ఆయన సవతి తమ్ముడు హన్స్ రుడాల్ఫ్ ఇంటి పెద్దరికం తీసుకున్నాడు. లాటిన్, ఫ్రెంచ్, ఇటాలియన్, స్పానిష్ నేర్పించాడు. చరిత్ర, న్యాయశాస్త్రం, రాజకీయం కూడా చదివించాడు. ఆ రోజుల్లో జమీందారీ ఇంటి ఆడపిల్లకు కుట్టు, సంగీతం, కాస్త ఫ్రెంచ్ వస్తే చాలనుకునేవారు. ఈ మనిషి పేరు గుర్తుపెట్టుకోండి, కథలో మళ్లీ వస్తాడు, అంత సుఖమైన పాత్రలో కాదు.

ఇంకొకాయన యోహాన్ విల్‌హెల్మ్ ఫాన్ ష్టూబెన్‌బెర్గ్. చుట్టుపక్కల ఉన్న ప్రొటెస్టెంట్ ప్రభువు, ఫ్రెంచ్, ఇటాలియన్ గ్రంథాలను జర్మన్‌లోకి తెచ్చిన అనువాదకుడు. ఈమె పద్యాలు మొదట చదివి దిద్దింది ఆయనే. డాన్యూబ్‌కు ఇస్టర్ అని పాతపేరు. ఆ నది ఒడ్డున సాహిత్యం మీద మక్కువ ఉన్న ప్రొటెస్టెంట్ ప్రభువుల ఇళ్ల మధ్య పుస్తకాలూ చేతిప్రతులూ తిరిగేవి. ఆ బృందంలో ఈమె 'ఇస్టర్ ఒడ్డు క్లియో'. క్లియో అంటే గ్రీకుల చరిత్రదేవత.

ప్రెస్‌బుర్గ్‌లో ఏదో అనుభవం కలిగిందంటారు, ఏమిటది?

1651లో చెల్లెలు అన్నా రెగీనా చనిపోయింది. అక్కాచెల్లెళ్లు ఇద్దరే. ఆ దుఃఖంలో ఉండగా ప్రెస్‌బుర్గ్ లూథరన్ ఆరాధనలో ఈమెకు లోపల ఒక వెలుగు వెలిగింది. ఇకనుంచి బతుకంతా దేవుని మహిమను చాటడానికేనని అక్కడే మొక్కుకుంది. దీనికి తానే ఒక పేరు పెట్టుకుంది: 'దెయోగ్లోరి'. 'దేవునికి మహిమ' అన్న లాటిన్ మాటల నుంచి కట్టిన పేరు. తర్వాత నలభై ఏళ్లపాటు ఉత్తరాల్లో, పుస్తకాల్లో ఆ పేరు వస్తూనే ఉంటుంది.

పద్దెనిమిదేళ్ల పిల్ల ఆవేశంలో చేసిన మొక్కుగా దీన్ని తీసేయడం తేలిక. కానీ ఆ తర్వాత ఆమె తీసుకున్న ప్రతి నిర్ణయం వెనకా ఇదే ఉంది. పెళ్లి వద్దనడానికి, చివరికి సరేననడానికి, వియన్నా చుట్టూ తిరగడానికి, మంచి పేరు తెచ్చిన సానెట్లు వదిలేసి గద్యంలోకి మళ్లడానికి కూడా.

మొదటి పుస్తకం ఆమెకు చెప్పకుండానే అచ్చు వేశారట, నిజమా?

పుస్తకంలో అలాగే ఉంది. 'ఆధ్యాత్మిక సానెట్లు, పాటలు, పద్యాలు' అన్న ఆ పుస్తకం 1662లో న్యూరెంబర్గ్‌లో వెలువడింది. ప్రచురించింది హన్స్ రుడాల్ఫ్. ఆమెకు తెలియకుండా అచ్చు వేయిస్తున్నానని ముందు పేజీల్లో చెప్పుకున్నాడు. సంపాదకత్వమంతా జిగ్ముండ్ ఫాన్ బిర్కెన్ చేతుల మీదుగా నడిచింది. ష్టూబెన్‌బెర్గ్ ద్వారా ఆ పద్యాలు బిర్కెన్ దాకా చేరాయి.

ఆ 'తెలియకుండా' అన్నదాన్ని కాస్త అనుమానంతోనే చదవాలి. మంచి ఇంటి ఆడది తన పేరు అచ్చులో చూసుకోవాలని తానే ఆరాటపడిందంటే బాగుండదు. ఎవరో మగదిక్కు చొరవ తీసుకున్నాడంటే గౌరవంగా ఉంటుంది. ఆ కాలపు ఆడవాళ్ల పుస్తకాల్లో ఈ మర్యాద మాట మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. పద్యాల్ని మాత్రం ఇంకెవరూ రాయలేదు. అచ్చయ్యేనాటికి ఆమెకు ఇరవై తొమ్మిదేళ్లు కూడా సరిగ్గా లేవు.

బిర్కెన్ ఎవరు?

న్యూరెంబర్గ్ కవి. పెగ్నిట్జ్ నది పేరు మీద 1644లో అక్కడ పుట్టిన 'పూల సంఘం' అనే సాహిత్య సంస్థకు 1662 నుంచి అధ్యక్షుడు. ఆ సంఘం ఇప్పటికీ ఉంది. గ్రైఫెన్‌బెర్గ్‌కు ఆయన సంపాదకుడు, ప్రూఫులు దిద్దేవాడు, రహస్యాలు చెప్పుకునే మనిషి. ఇద్దరి మధ్యా దాదాపు ఇరవై ఏళ్లు ఉత్తరాలు నడిచాయి. బిర్కెన్ చిత్తుకాగితం కూడా పారేయని రకం కాబట్టి ఆమె ఉత్తరాలు మనదాకా వచ్చాయి. ఆమె గురించి మనకు తెలిసిన ఆంతరంగిక విషయాల్లో పెద్ద భాగం ఆ మూటలోనిదే.

సానెట్ల పుస్తకంలో ఏముంది?

అమరిక చూస్తే తెలుగు పాఠకుడికి వెంటనే శతకం గుర్తొస్తుంది. మొదట ఒక వంద, తర్వాత ఇంకో వంద, ఆపైన అరవంద. మకుటం లేదు కానీ వందల లెక్కన స్తుతి పేర్చుకోవడమన్న ఊహ మాత్రం మనకు దగ్గరిది. మొదటి వందలో దేవుని సంకల్పం, ఆయన నడిపించే తీరు, కష్టాల్లో నమ్మకం. రెండో వందలో క్రీస్తు జీవితం. చివరి యాభైలో ఋతువులూ ప్రకృతీ వస్తాయి. వాటి తర్వాత పాటలు, రకరకాల ఛందస్సుల్లో పద్యాలు. వాటిలో ఒకటి సిలువ ఆకారంలో పేర్చిన చిత్రకవిత. చదువుతుంటే కన్ను నిలువు దూలం మీద నుంచి అడ్డదూలం మీదికి వెళ్లి మళ్లీ కిందికి దిగుతుంది.

ప్రతి సానెట్‌కూ పద్నాలుగు పాదాలు. ఎక్కువభాగం అలెగ్జాండ్రిన్ అనే పొడుగు పాదం, సరిగ్గా మధ్యలో ఒక విరుపు. మార్టిన్ ఓపిట్జ్ 1624లో జర్మన్ పద్యానికి నియమాలు కట్టి అప్పటికి నలభై ఏళ్లు కూడా కాలేదు. అందరూ ఆ విరుపు దగ్గర బుద్ధిగా ఆగుతున్నారు. ఈమె వాక్యం ఆ విరుపు మీద నుంచి దూకేస్తుంది.

ఒక్క పద్యం దగ్గరగా చూపించగలరా?

'కవిత్వమనే ఉదాత్త విద్యను ఎవరూ ఆపలేరు' అన్న భావం వచ్చే శీర్షికతో ఒక సానెట్ ఉంది. నాకు ఆమె మొత్తం రచనల్లో ఇదే తాళం చెవి. మొదలుపెట్టడమే సవాలుతో: ఆకాశం నుంచి చల్లగా జారే ఈ ప్రవాహాన్ని నాకు దక్కకుండా ఎవరు చేస్తారో చేయమనండి చూద్దాం! తర్వాత వరసపెట్టి పేర్లు. కనిపించని కిరణం. మోగే రహస్యం. దేవదూతలకు తగిన మనిషి పని. కాలమంతా ముగిసిపోయాక కూడా ఒంటరిగా నిలబడేది. అర్ధరాత్రి కాంతులు చిమ్మే సూర్యుడు.

ఎనిమిది పాదాలు ఇలా ఎగసిపోయాక గొంతు ఒక్కసారి కిందికి దిగుతుంది. తాత్పర్యంగా చెబితే ఇలా:

ఇదొక్కటే నాకు స్వేచ్ఛ,
మిగతా అన్నిటా దురదృష్టం బలిమికి
దాదాపు బానిసనై ఉన్నదాన్ని.

ఆమె వాడిన మాట మామూలు 'బానిస' కాదు, జమీందారు భూమికి కట్టుబడి ఉండే పాలేరుకి వాడే మాట. తన ఇంటి పొలాల్లో అలాంటి మనుషులు పనిచేస్తుండగా, ఆ ఇంటి దొరసాని ఆ పేరు తనకు తాను పెట్టుకుంది. అది అతిశయోక్తే. కానీ ఆరాధనకు హక్కు లేదు, పెళ్లి తన చేతిలో లేదు, రేపు ఆ ఇల్లు ఉంటుందో ఊడుతుందో తెలియదు. అలాంటి స్థితిలో రాసిన అతిశయోక్తి.

చివరి పాదం దేవుడితో బేరం: స్వేచ్ఛ నువ్వియ్యి, నిత్యస్తోత్రం నేనిస్తాను. మామూలుగా భక్తకవి స్తోత్రం ముందే అర్పించి తర్వాత వరం అడుగుతాడు. ఇక్కడ మాట తిరగబడింది. స్తుతించడానికే నాకు స్వేచ్ఛ కావాలి, అది ఇవ్వకపోతే నష్టం నీకే అంటోంది. ఈ ధైర్యం చదివాక ఆమెను 'వినయశీలి అయిన భక్తురాలు' అని పరిచయం చేసేవాళ్ల మీద నాకు కోపం వస్తుంది.

భాష ఎందుకంత కష్టం?

మాటల్ని అంటించి కొత్త మాటలు పుట్టిస్తుంది కాబట్టి. జర్మన్‌కు ఆ గుణం ముందే ఉంది, తెలుగు సమాసం అలవాటైన మనకు అదేం వింత కాదు. కానీ ఈమె పరస్పరం పొసగని రెండింటిని పట్టుకొచ్చి ఒక ముడి వేస్తుంది. పరిశుద్ధాత్మ ప్రేరణ మీద రాసిన సానెట్‌లో మొదటి పాదమే 'కనబడని మెరుపా, చీకటివెలుగుల జ్యోతీ' అంటుంది. మనసు నిండా ఉండే శక్తి, అయినా పట్టుకు చిక్కని ఉనికి. ఉందనీ అంతుపట్టదనీ ఒకే ఊపిరిలో చెప్పడానికి ఆ ముళ్లు. మార్మిక కవిత్వంలో ఇది పాత దారే. తేడా ఏమిటంటే ఈమె మాటల చప్పుడు మీద కూడా అంతే శ్రద్ధ పెడుతుంది. పైకి చదివితేనే లయ తెలుస్తుంది.

ఇంకో ఇబ్బంది అచ్చుది. పాత ఫ్రాక్టూర్ లిపి, కామా ఉండాల్సిన చోట ఏటవాలు గీత. రెండు పేజీలు ఓపిక పడితే కన్ను అలవాటుపడుతుంది. పైగా ఆ గీతలు ఎక్కడ ఊపిరి తీసుకోవాలో చెబుతాయి. ఇప్పటి విరామచిహ్నాలతో వచ్చిన ప్రతుల్లో ఆ సాయం పోయింది.

'అంకుల్'ని పెళ్లాడిందని ఇంగ్లిష్ వ్యాసాల్లో ఉంది. మేనమామా?

కాదు, ఇక్కడే మనవాళ్లు పొరబడతారు. హన్స్ రుడాల్ఫ్ తండ్రికి సవతి తమ్ముడు, అంటే వరసకు చిన్నాన్న. పైగా సుమారు పాతికేళ్లు పెద్ద, పెంచిన మనిషి, చదువు చెప్పించిన మనిషి. మేనరికాలు మామూలైన మన ఇళ్లలో కూడా ఈ వరస వింటే చెవులు మూసుకుంటారు. అక్కడా అంతే, చట్టం ఒప్పలేదు.

1650ల చివర్లో ఆయన తన ఇష్టం బయటపెట్టాడు. ఆమె వద్దంది. బతుకు దేవునికి ఇచ్చేశానంది. ఆయన వదల్లేదు. ఈ వ్యవహారం ఏళ్ల తరబడి సాగింది. ఆయన మంచం పట్టడం, కాథలిక్‌గా మారిపోతాడేమోనన్న భయం, అన్నీ కలిసి ఆమెను ఒక మూలకు నెట్టాయి. చివరికి ఇది కూడా దేవుని సంకల్పమేనని తనకు తాను నచ్చజెప్పుకుని ఒప్పుకుంది. ఇది ప్రేమకథ అని రాసేవాళ్లు ఉన్నారు. ఉత్తరాల్లో కనిపించేది మాత్రం ఒత్తిడి, దాన్ని దైవేచ్ఛగా మార్చుకోవడానికి ఒక తెలివైన మనిషి పడిన యాతన.

ఆస్ట్రియాలో ఆ పెళ్లి జరిగే పని కాదు. 1663లో టర్కీ సైన్యం హంగరీలోకి వచ్చేసరికి కుటుంబం న్యూరెంబర్గ్‌కు తరలింది. ఆ పక్కనే ఉన్న బ్రాండెన్‌బుర్గ్-బైరాయిట్ ప్రభువు క్రిస్టియన్ ఎర్న్స్ట్ లూథరన్. ఆయన ప్రత్యేక అనుమతి ఇచ్చాడు. 1664 అక్టోబర్‌లో ఫ్రౌవెనౌరాఖ్ అనే చోట పెళ్లయింది. మరుసటి ఏడాది ఆస్ట్రియాకు తిరిగొస్తే చెల్లని పెళ్లి చేసుకున్నాడని హన్స్ రుడాల్ఫ్‌ను పట్టి జైల్లో పెట్టారు. విడుదలయ్యాడు, సంసారం సాగింది. పిల్లలు లేరు.

టర్కుల మీద రాసిన కావ్యం సంగతేమిటి?

పేరు 'విజయస్తంభం'. 1663-64లో యుద్ధభయం మధ్య రాసింది, 1675లో అచ్చయింది. దాదాపు ఏడు వేల అలెగ్జాండ్రిన్ పాదాలు. క్రైస్తవ లోకం తన పాపాలకు పశ్చాత్తాపపడితే తప్ప శత్రువు మీద గెలవదన్నది సారాంశం. ఇస్లాం గురించి అందులో రాసిందంతా ఆ కాలపు యూరప్ ద్వేషాలూ అపోహలే. ఇవాళ చదవడానికి బాగుండదు, బాగుందని నటించనక్కర్లేదు. అదే సంపుటంలో ఫ్రెంచ్ కవి దు బార్తాస్ రచనకు ఆమె చేసిన అనువాదం, ఏడుగురు గొర్రెలకాపరి పడుచులు తమకు నచ్చిన గుణాల మీద మాట్లాడుకునే రచన ఒకటి ఉన్నాయి. నేనైతే వాటికే వెళ్తాను.

చక్రవర్తిని లూథరన్‌గా మార్చాలని చూసిందన్నది కట్టుకథ కాదా?

కాదు. ఇది ఆమె జీవితంలో అన్నిటికంటే సాహసమైన భాగం, నవ్వొచ్చేంత సాహసం. అప్పుడు సింహాసనం మీద ఉన్నది మొదటి లియోపోల్డ్. చర్చి పదవి కోసమని పెంచిన రెండో కొడుకు, అన్న చనిపోవడంతో రాజ్యానికొచ్చాడు. జెస్యూట్లనే కాథలిక్ సన్యాసి సంఘపు గురువుల చేతుల్లో పెరిగిన కరుడుగట్టిన కాథలిక్. అలాంటివాడి మనసు మార్చాలని సైజెనెగ్ జమీందారిణి తీర్మానించుకుంది. ఆమె లెక్క సూటిగానే ఉంది. తన ప్రజలకు ఆరాధన లేకుండా చేసినవాడు ఒక్కడే. ఆ ఒక్కడు మారితే దేశమంతా మారుతుంది.

1660ల చివరి నుంచి ఇందుకోసం ఎన్నోసార్లు వియన్నా వెళ్లింది. ఆస్థానానికి దారి దొరికే మనుషుల్ని వెతికింది. కాథలిక్ మతగురువులతో మాట్లాడింది. బిర్కెన్‌కు రాసే ఉత్తరాల్లో సంగతి విప్పి చెప్పదు, గరుడపక్షి పేరు చాటున చెబుతుంది. హాబ్స్‌బుర్గ్ చిహ్నం రెండు తలల గద్ద కదా. ఆ ప్రయత్నానికే 'గద్ద గుహ' అన్న అర్థం వచ్చే పేరుతో ఒక రచన చేసింది. అది అచ్చు కాలేదు, చేతిప్రతీ పోయింది. ఆమె రచనల్లో పోయినవాటిలో నాకు అన్నిటికంటే చదవాలనిపించేది అదే.

ఏమైంది అని అడుగుతారు. ఏమీ కాలేదు. లియోపోల్డ్ 1705లో కాథలిక్‌గానే పోయాడు. దీన్ని పిచ్చి ఆలోచన అనడం సులువు. కానీ ఆ మాట ఆ రోజుల్లో బయటికి పొక్కితే ఉన్న కోట కూడా పోయేది. అది తెలిసే, ఏళ్ల తరబడి పట్టు విడవలేదు.

గద్యధ్యానాలు అంటే ఏమిటి? పద్యాలంత బాగుంటాయా?

1672లో క్రీస్తు శ్రమల మీద పన్నెండు ధ్యానాల సంపుటం వచ్చింది. 1678లో క్రీస్తు అవతారం, పుట్టుక, బాల్యం మీద ఇంకో పన్నెండు. 1693లో, చనిపోవడానికి ముందు ఏడాది, క్రీస్తు జీవితం, బోధ, అద్భుతాల మీద మరికొన్ని. ధ్యానానికి ముందు ఒక రాగిఫలకం బొమ్మ, దాని భావం విప్పే పద్యం. తర్వాత సువార్తలోని వచనాన్ని మాట మాటకూ విడదీసుకుంటూ పోయే గద్యం. మధ్యలో మళ్లీ పద్యాలు. బతికుండగా ఆమెకు పాఠకుల్ని తెచ్చినవి ఇవే. శ్రమల సంపుటం 1683లో మళ్లీ అచ్చయింది కూడా.

పొడుగు ఎక్కువే, ఒప్పుకోవాలి. ఒక్క కూర్చున్నపళంగా చదివేవి కావు. అయినా అవతార ధ్యానాలు తెరిచి చూడండి. మరియ కడుపుతో ఉన్న నెలలు, ప్రసవం, చనుబాలు, వీటి మీద ఆమె ఆగి ఆగి రాస్తుంది. వేదాంత పండితులు ఒక్క వాక్యంలో దాటేసే చోట పేజీలకు పేజీలు. పిల్లలు లేని మనిషి రాసిన గర్భధారణ వర్ణనలు అవి. శ్రమల సంపుటంలోనూ అంతే. శిష్యులు పారిపోయినప్పుడు సిలువ దగ్గర నిలబడింది ఆడవాళ్లేనని వదలకుండా గుర్తుచేస్తుంది. సంఘాల్లో ఆడవాళ్లు మాట్లాడకూడదన్న లేఖనం ఉన్న మతంలో, బైబిల్ వ్యాఖ్యానం చేయడమే ఒక ఆడమనిషికి గీత దాటడం. ధ్యానం అన్న పేరు పెట్టి ఆ గీత దాటింది.

ఆస్తి ఎలా పోయింది?

1677లో హన్స్ రుడాల్ఫ్ చనిపోయాడు. వెంటనే అప్పులవాళ్లు, వ్యాజ్యాలు. ప్రొటెస్టెంట్ వితంతువు, పెళ్లి మీదే ఒకప్పుడు తగువు నడిచింది, వారసుడు లేడు. కోట చేజారింది.

చివరి రోజులు ఎలా గడిచాయి?

1680లో న్యూరెంబర్గ్‌లో స్థిరపడింది. దాదాపు ఇరవై ఏళ్ల క్రితమే తన పుస్తకం అచ్చయిన ఊరు, లూథరన్ ఊరు. ఇక ఆరాధనకు వీధి దాటి వెళ్తే చాలు. అయితే వచ్చిన మరుసటి ఏడాదే బిర్కెన్ పోయాడు. సుసన్నా పాప్ అనే స్నేహితురాలు తోడుగా ఉంది. మిగిలిన కాలమంతా ధ్యానసంపుటాల మీద పెట్టింది. 1694 ఏప్రిల్ 8న, ఈస్టర్ ఆదివారం నాడు మరణించింది.

తేదీ గురించి ఒక మాట. న్యూరెంబర్గ్‌లాంటి ప్రొటెస్టెంట్ ఊళ్లు 1700 దాకా పాత జూలియన్ క్యాలెండర్‌నే వాడాయి. కాథలిక్ ఆస్ట్రియా ఎప్పుడో గ్రెగోరియన్‌కు మారింది. రెంటికీ పది రోజుల తేడా. ఇప్పటి క్యాలెండర్‌లో వెనక్కి లెక్కేసి ఆ ఏప్రిల్ 8 ఈస్టర్ కాదే అని వాదించకండి, ఆ ఊరి లెక్కలో ఈస్టరే.

బతికుండగా గుర్తింపు దొరికిందా?

దొరికింది. కవి ఫిలిప్ ఫాన్ జెజెన్ నడిపిన భాషాసంఘం ఆమెను చేర్చుకుని 'ధీర' అన్న బిరుదునామం ఇచ్చింది. ఆడవాళ్లకు అలాంటి చోట తలుపు తెరవడం అరుదు.

ఆ కాలంలో జర్మన్‌లో రాసిన ఆడవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?

ఉన్నారు. అన్నా ఓవెనా హోయర్స్ మతాధికారుల్ని ఎద్దేవా చేస్తూ పద్యాలు రాసి చివరికి స్వీడన్‌లో తలదాచుకుంది. గ్రైఫ్స్‌వాల్డ్ పిల్ల సిబిల్లె ష్వార్ట్స్ 1638లో పదిహేడేళ్లకే పోయింది, పద్యాలు 1650లో అచ్చయ్యాయి. రుడాల్‌ష్టట్ ప్రభువుల ఇంటి ఎమీలియె యులియానె రాసిన కీర్తనలు జర్మన్ చర్చిల్లో తరతరాలుగా పాడారు. గ్రైఫెన్‌బెర్గ్ రచనలకు ఆ అదృష్టం లేదు. సంఘమంతా కలిసి పాడుకునేంత సూటిగా ఉండవవి.

మరి ఎందుకు మరిచిపోయారు? మళ్లీ ఎప్పుడు గుర్తొచ్చింది?

పద్దెనిమిదో శతాబ్దానికి బరోక్ శైలి (ఆమె కాలపు అలంకారాలు దట్టించిన శైలి) అంటేనే ఆడంబరం, అతి అన్న పేరొచ్చింది. మగ కవులనే పక్కన పెట్టినప్పుడు ఈమెను ఎవరు తలుస్తారు? ఇరవయ్యో శతాబ్దంలో బరోక్ మీద మళ్లీ ఆసక్తి పుట్టాక, 1950లు, 60లలో ఈమె మీద గట్టి పరిశోధనలు వచ్చాయి. 1983లో మార్టిన్ బిర్షెర్, ఫ్రీడ్‌హెల్మ్ కెంప్ సంపాదకత్వంలో సమగ్ర రచనలు పది సంపుటాల్లో పాత అచ్చుల నకళ్లుగా వెలువడ్డాయి. 2005లో బిర్కెన్‌తో జరిపిన ఉత్తరప్రత్యుత్తరాలు హార్ట్‌ముట్ లౌఫ్‌హ్యూటె చేతుల మీదుగా వచ్చాయి. నా లెక్కలో ఆ ఉత్తరాలదే పెద్ద మలుపు. అంతదాకా ఆమెను గాలిలో తేలే మార్మికురాలిగా చదివారు. ఉత్తరాలు చూశాక డబ్బు చిక్కులు, అచ్చు తప్పుల మీద విసుగు, వియన్నా ప్రయాణాల బడలిక, అన్నీ పద్యాల వెనక కనబడ్డాయి.

ఎక్కడ దొరుకుతాయి? ఏది ముందు చదవాలి?

1662 నాటి సానెట్ల పుస్తకం పేజీ పేజీ బొమ్మలతో సహా డాయిచెస్ టెక్స్ట్‌ఆర్కైవ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంది. పాత లిపి పక్కనే మామూలు అక్షరాల్లో పాఠం కూడా ఉంటుంది. జర్మన్ రానివాళ్లకు లిన్ టాట్‌లాక్ ఇంగ్లిష్ అనువాదం ఉంది. అందులో ఎంపిక చేసిన గద్యధ్యానాలు ఉన్నాయి. 2009లో షికాగో యూనివర్సిటీ ప్రెస్ వేసింది.

జర్మన్ కొద్దిగా వచ్చినా చాలు, వసంతం మీద రాసిన సానెట్లతో మొదలుపెట్టండి. ఒకటి ఇలా ఎత్తుకుంటుంది: కేరింత కొట్టండి చెట్లారా, పాడండి పిట్టలారా, ఆడండి పూలారా, నవ్వండి పొలాలారా! వాక్యాలు చిన్నవి, మాటలు రోజువారీవి, అన్నీ ఆజ్ఞలే. తర్వాత 'సుడిగుండంలాంటి కష్టాలు నన్ను గిరగిరా తిప్పుతున్నా' అని మొదలయ్యే సానెట్‌కు వెళ్లండి. వృత్తలేఖిని ముల్లు కేంద్రంలో గుచ్చుకుని ఉన్నట్టు తన ప్రాణం దేవునిలో సగం నాటుకుని ఉందంటుంది. మిగతా సగం తుఫానులో తిరుగుతూనే ఉంటుంది. పరిశుద్ధాత్మ సానెట్‌ను మూడోది చేసుకోండి, దానితో మొదలుపెడితే బెదిరిపోతారు. మొత్తం 250 వరసగా చదవాలని కూర్చోకండి, రోజుకు రెండు మించితే చెవికి ఏమీ ఎక్కదు.